అపరాధ పరిశోధకుడు: కథలోను, లోకంలోను

అపరాధ పరిశోధక కథలంటే మన పెద్దలకు చిరకాలంగా ఒక చిన్నచూపు ఉన్నది. అవి రైలు ప్రయాణానికి పనికివచ్చే సరకని, పిల్లలు పాఠ్యపుస్తకం మాటున పెట్టుకొని చదివే వస్తువని వాటికి పేరు. అయినా ఆ మాట అనే పెద్దలే, ఇంటిలో అందరు నిద్రించిన పిమ్మట దీపం పెట్టుకొని, కడపటి అధ్యాయం వరకు చదివి గాని పుస్తకం మూయరు. ఈ ఆకర్షణకు హత్యయే కారణమని అనుకొనరాదు. హత్యలు మన పురాణాలలో కావలసినన్ని ఉన్నవి. చోరుల కథలు కాశీమజిలీలలోనూ ఉన్నవి. ఈ కథలతో సాహిత్యంలో కొత్తగా అడుగుపెట్టినవాడు పరిశోధకుడు. ఆయుధం లేక, అధికారం కూడ తరచు లేక, కేవలం చూచుట, ఆలోచించుట అన్న రెండు పనులతో సత్యాన్ని రాబట్టే మనిషి. ఇతడు లోకం నుండి కథలోనికి ఎట్లు వచ్చినాడో, మరల కథ నుండి లోకంలోనికి ఎట్లు పోయినాడో కొంత మనవి చేస్తాను.

మొదట మన ఇంటి సంగతి చూతము. బుద్ధిబలంతో నిజం తేల్చేవాడనగానే తెలుగువారికి మర్యాద రామన్న గుర్తుకు వస్తాడు. ఒకే బఱ్ఱె గల ఇల్లాలు, అనేక బఱ్ఱెలు గల పొరుగింటి ఆమెకు నేయి బదులు ఇచ్చినది. పుచ్చుకొన్న ఆమె, తనకేమి కొరత గనుక బదులు అడుగుతానని బొంకినది. సాక్షులు లేరు. రామన్న ఆ ఇద్దరిని బురదలో నడిపించి, కాళ్లు కడుగుకొనుటకు చెరియొక చెంబు నీరు ఇప్పించినాడు. ఒకామె బురదను ముందుగా గీచివేసి, కొద్ది నీటితో కడుగుకొని, మిగిలిన నీరు చెంబుతో తెచ్చి పెట్టినది. రెండవ ఆమె చెంబెడు నీరు గుమ్మరించుకొని, ఇంకను చాలలేదన్నది. ఎవరి ఇంట నేయి నిలుస్తుందో, ఎవరి ఇంట నిలువదో రామన్నకు తెలిసిపోయినది. కథగా ఇది బహు ముచ్చటైనది. అయితే ఈ తీర్పులో తెలిసినది ఆ ఇల్లాలి స్వభావమే. నేయి పుచ్చుకొన్నదనుటకు ఋజువు ఇందులో ఏదీ లేదు. దుబారా మనిషి కూడ అప్పు పడకపోవచ్చును. నేటి న్యాయవాది ఈ తీర్పును అప్పీలులో ఐదు నిమిషాలు నిలువనీయడు. మనిషిని చూచి నేరాన్ని ఊహించడం రామన్న పద్ధతి. వస్తువును చూచి మనిషిని చేరుకొనడం పరిశోధకుని పద్ధతి. ఈ భేదం చిన్నదిగా కనబడుతుంది గాని, దీని మీద కొందరి ప్రాణాలు, కొందరి మానాలు ఆధారపడినవి.

ఈ రెండవ పద్ధతిని కథగా మలచినవాడు అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో. 1841లో ఫిలడెల్ఫియా నుండి వెలువడే ఒక మాసపత్రికలో ఆయన 'ద మర్డర్స్ ఇన్ ద ర్యూ మార్గ్' అనే కథ ప్రకటించినాడు. పారిస్ నగరంలో, లోపల గడియ వేసిన గదిలో, ఇద్దరు స్త్రీలు దారుణంగా హతులైనారు. పోలీసులకు దారి తోచలేదు. ద్యుపాఁ అనే యువకుడు ఆ గదిని చూచి, సాక్షులు చెప్పిన మాటలను పోల్చి, సత్యం కనుగొన్నాడు. అది ఏమిటో చదువని వారికి చెప్పడం పాపం గనుక చెప్పను. గమనించదగినది మరొకటి. ఆ కథలోనే తరువాతి నూరేండ్ల సామగ్రి అంతా ఉన్నది: మూసిన గది, తెలివి తక్కువ పోలీసులు, తప్పుగా నిర్బంధితుడైన నిరపరాధి, విడ్డూరపు అలవాట్లు గల మేధావి, అతని ఘనతను మనకు వినిపించే మిత్రుడు. కథ చెప్పే మిత్రుడు ఎంత అవసరమో పో గ్రహించినాడు. పరిశోధకుడు స్వయంగా చెప్పితే రహస్యం మొదటి పుటలోనే బయటపడుతుంది, లేదా అతడు మనలను మోసగించినవాడవుతాడు. మనవలె తికమకపడే ఒక మంచివాడు మధ్య ఉంటే రెండు చిక్కులు తీరుతాయి.

పో ఊహతో సృష్టించినదానిని లండను నగరం మరుసటి సంవత్సరమే ఉద్యోగంగా ఏర్పాటు చేసినది. 1829లో స్థాపితమైన మెట్రోపాలిటన్ పోలీసు దళంలో, 1842లో ఎనిమిదిమందితో ఒక డిటెక్టివ్ శాఖ వెలసినది. వారు మామూలు దుస్తులలో తిరిగేవారు. ఆ ఎనిమిదిమందిలో ఒకడు జోనథన్ విచర్, ఒక తోటమాలి కుమారుడు. చార్లెస్ డికెన్సు 1850లో తన పత్రికలో ఈ డిటెక్టివులను గూర్చి మెచ్చుకొంటూ వ్రాసినప్పుడు, విచర్‌ను కూడ కొద్దిగా పేరు మార్చి ప్రస్తావించినాడు. అంత కీర్తి గల ఈ మనిషి జీవితం పది సంవత్సరాలకు ఒక పసివాని మరణంతో తలక్రిందులైనది.

1860 జూన్ 29వ తేదీ రాత్రి, ఇంగ్లండులోని విల్ట్‌షైర్ సరిహద్దున రోడ్ అనే గ్రామంలో, కెంట్ అనే ఒక సర్కారు ఉద్యోగి ఇంట, నాలుగేండ్లు నిండని బాలుడు పడకలో నుండి మాయమైనాడు. మరునాడు శవం ఆ ఇంటి నౌకర్ల మరుగుదొడ్డిలో, గొంతు కోయబడి దొరికినది. తలుపులు తాళాలు వేసి ఉన్న ఇల్లు. హంతకుడు లోపలివాడే కావలెను. స్థానిక పోలీసులు ఆయాను అనుమానించినారు. పేదవారిని అనుమానించడానికి ఆలోచన ఎక్కువ అక్కర లేదు గదా! రెండు వారాలు గడిచినవి. అప్పుడు లండను నుండి విచర్‌ను పిలిపించినారు.

విచర్ వచ్చేసరికి రక్తపు మరకలు లేవు, ఆయుధం లేదు, సాక్షి లేడు. ఆయన ఇంటిలోని బట్టల లెక్క అడిగినాడు. మొదటి భార్య కుమార్తె, పదునారేండ్ల కాన్‌స్టెన్స్, తన పెట్టెలోని బట్టలకు ఒక జాబితా వ్రాసి ఉంచుకొన్నది. దానిలో రాత్రి గౌనులు మూడు. పెట్టెలో ఉన్నవి రెండు. మూడవది చాకలి ఇంట పోయినదని ఆమె చెప్పినది. విచర్ అక్కడ విడిచిపెట్టలేదు. హత్య జరిగిన తరువాతి సోమవారం, పనిమనిషి మాసిన బట్టలు పద్దు వ్రాసి బుట్టలో పెట్టుచుండగా ఈ బాలిక వచ్చి, జేబులో తన పర్సు ఉన్నదేమో చూడుమని, ఆ పిమ్మట ఒక గ్లాసు నీళ్లు తెచ్చిపెట్టుమని అడిగినట్లు తెలిసినది. పనిమనిషి నీళ్ల కోసం వెళ్లిన ఆ క్షణంలో, పద్దుకెక్కిన శుభ్రమైన గౌనును ఆమె బుట్టలో నుండి తిరిగి తీసుకొని ఉండవచ్చును. అట్లయితే రక్తం అంటిన గౌను ఒకటి అంతకు ముందే నాశనమైనది. దాని లోటు చాకలిది మీద పడుతుంది. పద్దులో మూడు, ఇంటిలో రెండు, నడుమ ఒక అమాయకురాలైన చాకలి స్త్రీ. ఎంత సూక్ష్మమైన ఆలోచన చూడండి! ఉన్న వస్తువును గూర్చి అందరూ ఆలోచించగలరు. లేని వస్తువును సాక్షిగా పిలిచినవాడు విచర్.

కాని లేని గౌనును కోర్టులో చూపించడం ఎట్లు? జూలై 20వ తేదీన ఆయన కాన్‌స్టెన్స్‌ను నిర్బంధించినాడు. వారం తిరిగేసరికి మేజిస్ట్రేటులు ఆమెను జామీనుపై విడిచినారు. పత్రికలు విచర్ మీద విరుచుకుపడినవి. తోటమాలి కొడుకు ఒక గౌరవ కుటుంబంలోని కన్య మీద హత్యానేరం మోపడమా? ఆమె అంతరంగిక వస్త్రాలను లెక్కపెట్టడమా? నేరం కంటె ఆ లెక్క పెట్టడమే ఆనాటి సభ్యులకు అధికంగా రోత పుట్టించినట్లు తోస్తుంది. ఆ తరువాత విచర్‌కు పెద్ద పనులు అప్పగించలేదు. ఆయన ఆరోగ్యం చెడి 1864లో పదవి విడిచినాడు.

మరుసటి సంవత్సరం, 1865 ఏప్రిల్‌లో, కాన్‌స్టెన్స్ కెంట్ తానై లండను న్యాయస్థానానికి వచ్చి నేరం ఒప్పుకొన్నది. గౌనును కాల్చివేసినానని చెప్పినది. ఉరిశిక్ష విధించి, దానిని యావజ్జీవంగా మార్చినారు. ఇరువది ఏండ్ల చెర అనుభవించి 1885లో విడుదలై, ఆస్ట్రేలియాకు పోయి, మారుపేరుతో నర్సుగా సేవచేసి, 1944లో నూరేండ్లు నిండి మరణించినది. విచర్ పట్ల క్షమాపణ వంటిది ఏమైనా జరిగినదా అంటే, చెప్పుకోదగినది ఏదీ కానరాదు. ఆ తరువాత ప్రైవేటుగా పరిశోధనలు చేసుకొంటూ 1881లో ఆయన చనిపోయినాడు.

లోకం ఇయ్యని గౌరవం కథ ఇచ్చినది. విల్కీ కాలిన్సు 1868లో డికెన్సు పత్రికలో ధారావాహికంగా ప్రకటించిన 'ద మూన్‌స్టోన్' నవలకు మూలం ఒక వజ్రం. 1799లో శ్రీరంగపట్నం పతనమైననాడు ఆంగ్ల సైనికుడొకడు దోచుకొనిపోయిన, మన దేశపు దేవతా విగ్రహపు వజ్రం అది. దాని జాడ తీయుటకు వచ్చిన సార్జంటు కఫ్ కూడ లండను డిటెక్టివే. అతని తండ్రికి పూలమొక్కల తోట. అతనికి గులాబీలంటే పిచ్చి. అతడు వచ్చీ రావడంతోనే వెదికినది రంగు అంటిన ఒక రాత్రి గౌను! చదువరులకు రోడ్ గ్రామం గుర్తుకు రాకపోదు. కాలిన్సు మరొక మంచి పని చేసినాడు. కఫ్‌ను సర్వజ్ఞుడుగా చూపలేదు. అతని మొదటి నిర్ణయంలో లోపం ఉన్నది. అది తెలిసిన నాడు దానిని ఒప్పుకొని, మరల పనిలో దిగుతాడు. ఈ తరువాత వచ్చిన అనేక మేధావుల కంటె నాకు కఫ్ ఎక్కువ ఇష్టుడు.

ఆ మేధావులలో అగ్రగణ్యుని పేరు చెప్పనక్కర లేదు. స్కాట్లండు వైద్యుడు ఆర్థర్ కోనన్ డాయిల్, తన గురువైన డాక్టర్ జోసెఫ్ బెల్ రోగి నడక, చేతులు, బట్టలు చూచి వృత్తిని చెప్పే నేర్పును మనసులో ఉంచుకొని షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించినాడు. మొదటి నవల 1887లో అచ్చయినది. దాని సర్వహక్కులకు ఆయనకు ముట్టినది ఇరువదియైదు పౌన్లు. 1893లో విసిగి హోమ్స్‌ను జలపాతంలో పడవేసినాడు. పాఠకులు ఊరుకొనలేదు. పది సంవత్సరాలకు మరల బ్రతికించవలసి వచ్చినది. మొత్తం నాలుగు నవలలు, యాభైయారు కథలు. వీటిలో 1892 నాటి 'సిల్వర్ బ్లేజ్' అనే కథలో, రాత్రివేళ గుఱ్ఱపుశాలలోనికి ఎవరో వచ్చి గుఱ్ఱాన్ని తోలుకొనిపోయినారు. కాని అక్కడి కుక్క మొఱగలేదు. మొఱగకపోవుటయే హోమ్స్‌కు ఆధారం. వచ్చినవాడు కుక్కకు తెలిసినవాడన్నమాట. లేని మొఱుగు, లేని గౌను: రెండింటి తర్కం ఒక్కటే. అయితే కుక్కను నమ్మిన పాఠకులే గౌనును నమ్మలేదు.

వస్తువు మాట్లాడుతుందన్నంత మాత్రాన అది ఎప్పుడూ నిజమే చెప్పదని కూడ డాయిల్ ఎరుగును. 1903లో వ్రాసిన ఒక కథలో గోడమీది నెత్తుటి వ్రేలిముద్ర ఒక నిరపరాధికి ఉరి తెచ్చిపెట్టబోతుంది. శత్రువు దానిని లక్క ముద్ర నుండి నకలు తీసి అంటించినట్లు హోమ్స్ కనిపెడతాడు. ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక విషయం. వ్రేలిముద్రలను వర్గీకరించి నేరస్థులను గుర్తించే కార్యాలయం కలకత్తాలో 1897లోనే వెలసినది. ఆ వర్గీకరణకు గణితం కూర్చినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కినది. లండను పోలీసులు ఆ పద్ధతిని 1901లో గాని తీసుకొనలేదు. కలకత్తా కార్యాలయం వెలసిన సంవత్సరమే, జల్పాయిగురి ప్రాంతంలో తేయాకు తోట మేనేజరొకడు హతుడైనాడు. దోపిడీ జరిగిన పెట్టెలో ఒక పంచాంగం మీద గోధుమవన్నె వ్రేలి మరక దొరికినది. అది పాత నేరస్థుని ముద్రతో సరిపోయినది. న్యాయస్థానం ఏమి చేసినది? దొంగతనానికి శిక్షించినది, హత్యానేరం నుండి విడిచినది. ఆ వ్రేలు పంచాంగాన్ని తాకినదని ముద్ర చెప్పినది. కత్తి పట్టినదని చెప్పలేదు. ఈ నిగ్రహం చాలమంది కథకులకు లేదు.

హోమ్స్ సంతతి మన దేశంలో మొదట వంగభాషలో వర్ధిల్లినది. కలకత్తా పోలీసు ఉద్యోగి ప్రియనాథ ముఖోపాధ్యాయ తన అనుభవాలనే కథలుగా వ్రాసినాడు. 1932లో శరదిందు బంద్యోపాధ్యాయ సృష్టించిన వ్యోమకేశ్ బక్షీ, తనను డిటెక్టివని పిలువవద్దని, సత్యాన్వేషి అనవలెనని కోరుకొన్నాడు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఒక తరం పాఠకులకు బంధువులైనారు. అద్దె పుస్తకాల దుకాణాలు బ్రతికినది ఇట్టి నవలల మీదనే అన్నా అతిశయోక్తి కాదు. అక్షరజ్ఞానం మాత్రం గల మనిషికి పుస్తకం చివరి వరకు చదివే అలవాటు చేసిన ఉపకారం వీటిది. విమర్శకులు ఈ ఉపకారాన్ని లెక్కలోనికి తీసుకొనలేదు.

ఇట్టి కథలలో ఒక ఆచారం ఉన్నది. కడపటి అధ్యాయంలో అందరు ఒక గదిలో కూర్చుందురు. ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలుచును. పరిశోధకుడు ఒక్కొక్క ఆధారం విప్పి చెప్పగా, దోషి పాలిపోయి, అంతా ఒప్పుకొనును. కథకు ఇది మంగళహారతి వంటిది. కాని మన న్యాయశాస్త్రం దీనిని గుర్తించదు. పోలీసు ఉద్యోగికి చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద ఋజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య శాసనం విధించినది. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడ ఆ నియమాన్నే నిలుపుకొన్నది. ఠాణాలో మాట ఎట్లు పలికించగలరో శాసనకర్తలకు తెలియును. ఒప్పుదలను నమ్మరాదన్న చోటనే వస్తువులను చదువగల పరిశోధకుని అవసరం మొదలవుతుంది. చిత్రమేమంటే, కథలోని పరిశోధకుడు అంత శ్రమపడి ఆధారాలు కూర్చి, చివరకు చెల్లని ఆ ఒప్పుదల దగ్గరనే కథ ముగిస్తాడు.

ఇక కథ నుండి లోకంలోనికి పోయిన విద్య సంగతి. బొంబాయికి చెందిన షాపూర్జీ ఎదల్జీ అనే పార్సీ, క్రైస్తవం స్వీకరించి, ఇంగ్లండులో గ్రేట్ వైర్లీ అనే గ్రామానికి 1876లో పాదిరీ అయినాడు. భార్య ఆంగ్లేయురాలు. కుమారుడు జార్జి చదువుకొని బర్మింగుహాములో సొలిసిటరైనాడు. నల్లని పాదిరీ కుటుంబం గ్రామంలో కొందరికి కంటగింపు. ఏండ్ల తరబడి వారికి ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చినవి. 1903లో ఆ ప్రాంతంలో ఎవరో రాత్రివేళల పొలాలలోని గుఱ్ఱాల పొట్టలు చీల్చడం మొదలుపెట్టినారు. పోలీసులు జార్జిని పట్టుకొన్నారు. అతని కోటు మీద గుఱ్ఱపు వెంట్రుకలు ఉన్నవన్నారు. అతడు నిర్బంధంలో ఉండగానే మరొక గుఱ్ఱం అట్లే చీల్చబడినది. అయినను ఏడేండ్ల కఠిన శిక్ష విధించినారు. మూడేండ్లు అనుభవించిన పిమ్మట, 1906లో, కారణం చెప్పకుండ విడుదల చేసినారు. నిర్దోషి అనలేదు. వృత్తి చేసుకొననీయలేదు.

ఆ యువకుడు డాయిల్‌కు వ్రాసుకొన్నాడు. లండనులో ఒక హోటలులో కలుసుకొనుటకు ఏర్పాటైనది. డాయిల్ ఆలస్యంగా వచ్చి, పలుకరించక ముందే దూరం నుండి చూచినాడు. జార్జి వార్తాపత్రికను కన్నులకు అంటించినట్లు పట్టుకొని, కొంత ప్రక్కకు త్రిప్పి చదువుచున్నాడు. డాయిల్ కంటి వైద్యం అభ్యసించినవాడు. తీవ్రమైన హ్రస్వదృష్టి అని అక్కడనే గ్రహించినాడు; వైద్య పరీక్ష దానిని స్థిరపరచినది. ఈ కన్నులతో, కారు చీకటిలో, పొలాలు, రైలు పట్టాలు, కంచెలు దాటిపోయి, పోలీసు కాపలా తప్పించుకొని, ఒక గుఱ్ఱాన్ని చీల్చి తిరిగి రావడం ఎట్లు సాధ్యం? 1907 జనవరిలో 'డైలీ టెలిగ్రాఫ్' పత్రికలో ఆయన ఒక్కొక్క ఆధారాన్ని విప్పి చూపినాడు. కోటు మీది వెంట్రుకలకు ఆయన చెప్పిన సమాధానం చాల సామాన్యమైనది. పరీక్ష కోసం గుఱ్ఱపు చర్మపు ముక్కను, కోటును కలిపి పంపినారు!

ఆ పరిశోధన అంతటితో ఆగి ఉంటే బాగుండునని నాకు తోస్తుంది. డాయిల్ అసలు దోషి ఇతడేనని మరొక మనిషిని చూపినాడు. ఆ ఆధారాలు బలహీనమైనవి, ప్రభుత్వం అంగీకరించలేదు. అపరాధి కాదనుటకు ఒక జత కన్నులు చాలినవి. మరొకని అపరాధి అనుటకు కడపటి అధ్యాయం వ్రాయవలెనన్న కథకుని ఉత్సాహం చాలలేదు.

1907 మే నెలలో విచారణ సంఘం గుఱ్ఱాల నేరం నుండి జార్జిని విముక్తుని చేసినది. కాని ఉత్తరాలు కొన్ని అతడే వ్రాసినాడని, ఆపద కొనితెచ్చుకొన్నాడని చెప్పి నష్టపరిహారం ఒక్క పైసా ఇయ్యలేదు. శిక్షపడినవాడు అప్పీలు చేసుకొనే క్రిమినల్ న్యాయస్థానం అప్పటికి ఇంగ్లండులో లేదు. ఈ కేసు, అంతకు ముందు పొరపాటున రెండుమార్లు శిక్షపడిన అడాల్ఫ్ బెక్ కేసు కలిగించిన అలజడితో, ఆ సంవత్సరమే దానికి శాసనం చేసినారు. నవంబరులో జార్జి పేరు మరల సొలిసిటర్ల పట్టికకు ఎక్కినది. ఆ వృత్తిలోనే జీవితం గడిపి అతడు 1953లో మరణించినాడు. పరిహారం చివరి వరకు రాలేదు.